కైఫీయత్తుల వెనక కావలి సోదరులు

ఈ మధ్య ఊళ్ళ చరిత్రల మీద పుస్తకాలు బాగా వస్తున్నాయి. ఏది తెరిచినా మొదటి పేజీల్లోనే ‘మెకంజీ కైఫీయత్తులో ఇలా ఉంది’ అన్న మాట కనిపిస్తుంది. కైఫీయత్తంటే కంపెనీ కాలంలో మెకంజీ అనే అధికారి కోసం ఊరి చరిత్ర రాయించిన పత్రం. గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, అగ్రహారం ఎవరిచ్చారు అన్న వివరాలు చాలావరకు అక్కడివే. కానీ ఊరూరా తిరిగి ఆ వివరాలు పోగు చేసినవాళ్ళ పేర్లు ఈ పుస్తకాల్లో అరుదుగా దొరుకుతాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

కాలిన్ మెకంజీది స్కాట్లండ్. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి వచ్చాడు, తర్వాత ఇంజనీరయ్యాడు. టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు సర్వే చేశాడు, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలవడంతో ఆగకుండా దాని చరిత్ర కూడా సేకరించాలన్న పట్టుదల అతనిది. అయితే ఇక్కడి భాషలు రావు. 1817లో రాసిన ఒక ఉత్తరంలో ఈ లోటు తనే చెప్పుకున్నాడు. ఈ దేశపు విజ్ఞానానికి తనకు వాకిలి తెరిచింది కావలి వెంకట బొర్రయ్య పరిచయమేనని కూడా అందులోనే రాశాడు.

కావలి అన్నది ఇంటిపేరు, ఈ సోదరులది ఏలూరు. బొర్రయ్య మెకంజీ దగ్గర చేరేనాటికి ఇంకా కుర్రవాడే. హళగన్నడ (పాత కన్నడ) శాసనాలు చదివే దారి కనిపెట్టిన ఘనత మెకంజీ అతనికే ఇచ్చాడు. 1803లో, ముప్పై నిండకుండానే బొర్రయ్య చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత ఎత్తుకున్నాడు.

పని మాటల్లో చెప్పినంత తేలిక కాదు. ఊరి లెక్కలు, భూముల సంగతులు, పాత రాజుల కథలు కరణాల దగ్గర దండకవిలెల్లో, అంటే ఊరి పాత రికార్డుల్లో ఉండేవి. కంపెనీ మనిషి వచ్చి కవిలె చూపించమంటే కరణానికి టెన్షన్ పుట్టదా? పన్ను పెంచుతారనో, ఇనాం లాక్కుంటారనో భయం. బతిమాలి, నమ్మించి, నకలు రాసుకుని రావాలి. గుడి గోడ మీద శాసనమైతే అక్కడే కూర్చుని అక్షరం అక్షరం ఎత్తి రాయాలి. అలా చేరిన శాసన నకళ్ళే 8,076. మెకంజీ సేకరణకు సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ 1828లో అచ్చు వేసిన జాబితాలో ఉన్న లెక్క ఇది.

ఇంకో సోదరుడు రామస్వామి. సర్వే అనుభవంతో సొంతంగా పుస్తకాలు రాశాడు. 1828లో దక్కన్ పట్టణాలు, స్థలాల మీద ఒకటి, 1829లో దక్కన్ కవుల జీవితాల మీద మరొకటి, రెండూ ఇంగ్లీషులోనే. వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్రకు దశాబ్దాల ముందే ఒక తెలుగువాడు కవుల చరిత్ర రాశాడన్న సంగతి మన సాహిత్య విద్యార్థుల్లో ఎంతమందికి తెలుసు?

మెకంజీ 1821లో పోయాడు. ఆయన సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొనుక్కుంది. మిగిలిన పని తాను పూర్తి చేస్తానని 1830లలో లక్ష్మయ్య ముందుకొచ్చాడు. దాదాపు నలభై ఏళ్ళు అదే లోకంగా బతికిన మనిషి. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తరఫున జేమ్స్ ప్రిన్సెప్, ఇంత పనికి అతని అర్హత చాలదని తేల్చేశాడు. ఆ పని విలియం టేలర్ అనే మతబోధకుడికి దక్కింది. బ్రాహ్మీ లిపి చదివిన ప్రిన్సెప్ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఈ ఒక్క తీర్పు మాత్రం అన్యాయం.

తర్వాత సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న కాగితాలకు నకళ్ళు రాయించాడు కాబట్టి చాలా కైఫీయత్తులు మిగిలాయి. మన కాలంలో కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. కొన్ని కైఫీయత్తుల్లో రాయించిన కరణం పేరు కూడా ఉంటుంది. ఊరి చరిత్ర రాసేవాళ్ళు మెకంజీ పేరు పక్కన ఆ కరణం పేరు, కావలి సోదరుల పేరు కూడా వేయాలి.