బొట్టు, బంగారం, బల్ల: విశ్వాసాన్ని పైనుంచి కొలిచే అలవాటు ఎక్కడిది?

విశాఖపట్నంలో క్రైస్తవ కుటుంబాల మధ్య పెళ్లి మాటలు మొదలైతే కట్నం కంటే ముందు ఒక ప్రశ్న వస్తుంది: "అమ్మాయి రక్షణ పొందిందాండీ?" అంటే, నిజంగా మనసు మారి నమ్మిందా అని. బాప్తిస్మం తీసుకుందన్న జవాబు కొన్ని ఇళ్లలో చాలదు. ఏ సంఘం, నగలు పెట్టుకుంటుందా, టీవీ సీరియళ్లు చూస్తుందా అని ఆరా సాగుతుంది. జ్ఞానాపురం కతీడ్రల్‌కి వెళ్లే క్యాథలిక్ ఇంట్లో తలలో పూలు, మెడలో పుస్తెలు ఎవరికీ అడ్డు కావు. అవే పూలతో గాజువాక వైపు ఏదో పెంతెకొస్తు మందిరంలో అడుగుపెడితే, పాస్టరుగారు ఏమీ అనకపోయినా, పక్కన కూర్చున్న సిస్టర్ "ఇంకా లోకం వదల్లేదు" అనుకోవచ్చు. పాత బాప్టిస్టు కుటుంబాలది మధ్యదారి. బొట్టు ఉండదు, బంగారం ఉంటుంది.

వచనాలు ఇరుపక్షాల దగ్గరా ఉన్నాయి. మత్తయి సువార్త ఏడో అధ్యాయం మొదటి వచనం "మీరు తీర్పు తీర్చకుడి" అంటుంది. అదే అధ్యాయం పదహారో వచనానికి వస్తే "వారి ఫలములవలన మీరు వారిని తెలిసికొందురు" అని ఉంటుంది. నగలు మానాలనేవారు పేతురు మొదటి పత్రిక తెరుస్తారు. మానక్కర్లేదనేవారు, మనుషులు పైరూపాన్ని చూస్తారు గాని దేవుడు హృదయాన్ని చూస్తాడని సమూయేలుకు చెప్పిన మాట తీస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైన ఈ వాదన సాయంత్రానికి కూడా తెగదు. కానీ ఏయే గుర్తులు చూసి కొలవాలన్న జాబితా వచనాల్లోంచి ఊడిపడింది కాదు. ఒక్కో గుర్తు ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం వచ్చి చేరింది. అవసరం తీరిపోయాక కూడా గుర్తు మాత్రం ఉండిపోయింది.

తగాదా మొదలైంది మాత్రం బట్టల దగ్గర కాదు, ప్రాణభయం దగ్గర. క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా చక్రవర్తి డెసియస్ ప్రజలంతా దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు పత్రం తీసుకోవాలన్నాడు. అలాంటి పాపిరస్ పత్రాలు ఈజిప్టులో బయటపడ్డాయి కూడా. భయపడి బలి ఇచ్చినవారు, లంచమిచ్చి ఉత్త పత్రం కొనుక్కున్నవారు, హింస తగ్గాక మళ్లీ సంఘానికి వచ్చారు. వీళ్లను చేర్చుకోవడానికి వీల్లేదని రోములో నోవేషియన్ పట్టుబట్టాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ పశ్చాత్తాపం చూసి చేర్చుకుందామన్నాడు. యాభై ఏళ్ల తర్వాత, 303లో డయోక్లీషియన్ హింస మొదలైనప్పుడు కొందరు బిషప్పులు లేఖనాల ప్రతులను అధికారులకు అప్పగించేశారు. అలాంటివారు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్నవారే డోనటిస్టులు. 411లో కార్తేజ్ సభకు రెండు పక్షాల నుంచీ సుమారు 280 మంది చొప్పున బిషప్పులు వచ్చారంటే చీలిక ఎంత పెద్దదో అర్థమవుతుంది.

వాళ్లకు అగస్టీన్ చెప్పిన జవాబు గోధుమలు, గురుగుల ఉపమానం. కోతకాలం దాకా రెండూ కలిసే పెరుగుతాయి, ఇప్పుడే పీకబోతే గోధుమ కూడా ఊడొస్తుంది అని. బాగానే చెప్పాడు. అయితే అదే అగస్టీన్ డోనటిస్టులను దారికి తేవడానికి ప్రభుత్వ బలప్రయోగాన్ని సమర్థించాడన్నది కూడా చరిత్రే.

ఆ తర్వాత వెయ్యేళ్లు వదిలేసి 16వ శతాబ్దానికి వస్తే, జెనీవాలో కాల్విన్ ఒక గీత గీశాడు. ఎవరు నిజంగా దేవునివారో ఆయనకే తెలుసు. మనం మాత్రం విశ్వాసపు ఒప్పుకోలు, నడవడి, సంస్కారాల్లో పాలు అనే మూడింటిని బట్టి, ప్రేమతో ఇచ్చే అంచనాగా, ఫలానావారిని సంఘస్థులని అనుకుంటాం అన్నాడు. ఆయన శిష్యపరంపరలోని ఇంగ్లిష్ ప్యూరిటన్లు ఇంకో అడుగు వేశారు. వాళ్లు అమెరికా తీరంలో కట్టిన సంఘాల్లో సభ్యత్వం కావాలంటే మారుమనస్సు ఎలా కలిగిందో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. మన మందిరాల్లో ఇప్పుడు వినే "సాక్ష్యం" వెనుక ఈ వంశవృక్షం కూడా ఉంది. దానితో చిక్కు రెండో తరంలోనే వచ్చింది. పిల్లలు బుద్ధిమంతులే గాని, చెప్పుకోవడానికి అనుభవం లేదు. 1662లో వాళ్ల కోసం సగం సభ్యత్వం లాంటి ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అక్కడి నార్తాంప్టన్ ఊళ్లో పాస్టరు సోలమన్ స్టొడార్డ్ బల్లను, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు భోజనాన్ని, దాదాపు అందరికీ తెరిచాడు. ఆయన మనవడు జొనాథన్ ఎడ్వర్డ్స్ మళ్లీ మూయబోతే 1750లో ఆ సంఘమే ఎడ్వర్డ్స్‌ను సాగనంపింది. నాలుగేళ్ల ముందు, 1746లో, నిజమైన భక్తికి పన్నెండు గుర్తులు రాసిన మనిషి ఆయనే. ఆ గుర్తులతో మంచి గొర్రెలను, మేకలను విడదీసే అధికారం మాత్రం మనకు లేదని ఆ పుస్తకంలోనే హెచ్చరించాడు.

విశాఖకు ఈ సంప్రదాయం 1805లో ఓడ దిగింది. 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీలో ముఖ్యబలం ఆ ప్యూరిటన్ల వారసులైన కాంగ్రిగేషనల్ సంఘాలవారిదే. ఆ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడ తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. అనువాదాన్ని మరో మిషనరీ ప్రిచెట్ కొనసాగించగా 1818లో తెలుగు కొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. పుస్తకం వచ్చింది గాని చాలా ఏళ్లపాటు విశాఖలో బాప్తిస్మాలు బహు తక్కువ. వచ్చే ఆ ఒకరిద్దరిని ఎలా నమ్మాలి? తెల్లదొర కొలువు కోసం వచ్చాడా, ఇంట్లో గొడవపడి వచ్చాడా, నిజంగానే నమ్మాడా? మనసులోకి చూడలేని పరాయి మనిషికి కంటికి కనబడే గుర్తే ఆధారం. మిషనరీల పరీక్షను ఉత్త పెత్తనంగా కొట్టిపారేయలేం. భాష సరిగా రాని ఊళ్లో వాళ్లకు అంతకంటే మార్గం కూడా తక్కువే.

అప్పుడు ముందుకొచ్చిన గుర్తుల్లో మొదటిది కులం. 1850లో మద్రాసు మిషనరీ కాన్ఫరెన్స్, కులం వదిలేశానని రుజువు చేయనివారికి బాప్తిస్మం ఇవ్వకూడదని తీర్మానించింది. ఆ రుజువు ఏమిటంటే, అంటరానివారన్న కులంవాళ్లు వండిన అన్నం తినడం. జర్మనీ నుంచి వచ్చిన లైప్జిగ్ మిషన్ లూథరన్లు ఈ తీర్మానంతో కలవలేదు. రెండో గుర్తు పిలక. అది హిందూ చిహ్నమని కొందరు మిషనరీలు కత్తెర పట్టుకుంటే, ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ 1867లో ఓ చిన్న పుస్తకం రాసి, పిలక దేశాచారమే గాని మతం కాదని వాదించాడు. ఈ తగాదా ఎక్కువగా తమిళ దేశంలోదే. దాని నీడ మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా పడింది.

బొట్టు కథ ఇంకా పాతది. 1606లో మదురై చేరిన జెసూట్ సభ క్యాథలిక్ గురువు రాబర్ట్ డి నొబిలి పిలక, గంధం, జంధ్యం దేశాచారాలని, క్రైస్తవుడు ఉంచుకోవచ్చని అన్నాడు. 1623లో పోప్ ఒప్పుకున్నాడు. 1703లో పుదుచ్చేరి వచ్చిన టూర్నన్ అనే పోప్ దూత 1704లో వాటిలో చాలావాటిని నిషేధించాడు. 1744లో బెనెడిక్ట్ 14 ఆ నిషేధాన్నే ఖాయం చేశాడు. ఆ ఆచారాలను అనుమతించబోమని మిషనరీలు చేయాల్సిన ప్రమాణం 1940లో గాని పోలేదు. రెండో వాటికన్ మహాసభ తర్వాత, 1969లో, ఆరతి, అంజలి వంటివాటికి రోము అనుమతి వచ్చింది. మూడున్నర శతాబ్దాలు అటూ ఇటూ ఊగాక క్యాథలిక్ సంఘం దేశాచారం వైపు మొగ్గితే, తెలుగు ప్రొటెస్టెంట్లు 19వ శతాబ్దపు గీత దగ్గరే ఆగారు. డిసెంబరు 8న మరియమ్మ పండుగకి ఓడరేవు పక్కన రాస్ హిల్ మెట్లెక్కే జనాన్ని చూడండి. కొవ్వొత్తి పట్టుకుని, నుదుట బొట్టుతో, తడి జుట్టు ముడేసుకుని వస్తున్న ఆమె క్యాథలిక్కా, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన హిందువా అన్నది వేషం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సామూహిక బాప్తిస్మాల కాలంలో ఒత్తిడి వేరు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ మాదిగ పల్లెలకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగం గుత్తకు తీసుకుని ఆకలిగొన్నవారికి పని చూపించాడు. ఆ రోజుల్లో కూలి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకుండా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంతమంది మనసు ఎవరు తూచగలరు? అందుకే మూడు నియమాలు. కాకినాడలో 1874లో పని మొదలుపెట్టి ఉత్తరాంధ్ర దాకా విస్తరించిన కెనడా బాప్టిస్టుల సంఘాలు, నేటి సీబీసీఎన్‌సీ సంఘాలు, ఈ బాప్టిస్టు వాతావరణంలోనే పెరిగాయి.

బంగారం అందరికంటే ఆలస్యంగా వచ్చింది, చాలా దూరం తిరిగి వచ్చింది. 1743లో జాన్ వెస్లీ తన మెథడిస్టులకు రాసిన నియమాల్లో బంగారం, ఖరీదైన బట్టలు కూడదన్నాడు. మూడు నెలలకోసారి సభ్యత్వపు టికెట్ ఇచ్చేటప్పుడు వేషం కూడా చూసేవారు. కారణం మాత్రం సూటిగా చెప్పాడు. నగకు పెట్టిన డబ్బు పేదవాడి నోటి దగ్గరనుంచి లాక్కున్నదని. ఆ నియమం పవిత్ర జీవితం మీద పట్టుబట్టే అమెరికా హోలీనెస్ ఉద్యమంలోకి, అక్కడి నుంచి పెంతెకొస్తులోకి, కేరళ మీదుగా మన దాకా వచ్చింది. నియమం చేరింది గాని కారణం దారిలోనే జారిపోయింది. నగ తీసిన సిస్టర్ ఆ డబ్బు ఎవరికిచ్చిందని ఎవరూ అడగరు. 1941లో మద్రాసులో మొదలై, 1950లో హైదరాబాద్‌లోని హెబ్రోను అనే కేంద్రానికి చేరిన భక్త సింగ్ సహవాసాల్లో ఆడంబరం లేని తెల్లబట్టలు అలవాటుగా స్థిరపడ్డాయి. ఉక్కు కర్మాగారం, ఓడరేవు, నావికాదళం పిలిచిన జనంతో పాటు ఈ రకరకాల సంఘాలన్నీ విశాఖలో పక్కపక్క వీధుల్లోకి చేరాయి. అప్పటిదాకా ఊరికో అలవాటుగా ఉన్నది ఇక్కడ పోలికైంది.

దాని పదును తెలిసేది బల్ల దగ్గర. రొట్టె పళ్లెం చేతులు మారుతూ వరుస వెంట వస్తుంది. ఒకామె కొంగు తలమీదికి లాక్కుని, చెయ్యి చాపకుండా పళ్లెం పక్కామెకు అందిస్తుంది. ఆమెను "బల్ల నుంచి ఆపారు". ఎందుకో సంఘంలో అందరికీ తెలుసు. మగవాళ్ల వరుసలో పళ్లెం అలా దాటిపోవడం చాలా అరుదు. ఎందుకంటే జాబితాలో ఉన్నవి ఎక్కువగా ఆడవాళ్ల ఒంటిమీద కనబడేవే: బొట్టు, పూలు, గాజులు, గొలుసు, ముసుగు. కట్నం ఒంటిమీద కనబడదు. చీటీ డబ్బు ఎగ్గొట్టడం కనబడదు. 1850 నాటి జాబితాలో మొదటి గుర్తు కులం వదలడం కదా, ఇప్పటి జాబితాలోంచి అది నిశ్శబ్దంగా జారిపోయింది. క్రైస్తవ వధూవరుల ప్రకటనల్లో రక్షణ పక్కనే కులం పేరు వేసుకోవడానికి ఎవరూ జంకరు.

అలాగని "తీర్పు తీర్చకండి" అన్న మాటను సర్వరోగ నివారిణిగా వాడేవారితోనూ నేను ఏకీభవించను. కొరింథు సంఘంలో తన తండ్రి భార్యను ఉంచుకున్నవాణ్ణి వెలివేయమని పౌలు రాశాడు. అదే అధ్యాయంలో, సంఘం లోపలివారిని విచారించడం మీ పని, బయటివారిని దేవుడు చూసుకుంటాడన్నాడు. ఫలానా పని తప్పు అనడం వేరు, ఫలానావారికి రక్షణ లేదనడం వేరు. కాల్విన్ గీసిన గీత అదే. పైగా మన దగ్గర ఆ వచనాన్ని ఎక్కువగా అడ్డం పెట్టుకునేది కానుకల లెక్క అడిగినప్పుడు పెద్దలే. మెడలోని గొలుసును పరీక్షించవచ్చు గాని ట్రస్టు ఖాతాను పరీక్షించకూడదంటే ఎలా?

ఇప్పుడు కొలిచేవాళ్లలో సర్కారు కూడా చేరింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో సర్దుకోవాలి. అందుకే కాగితం మీద హిందువుగా, ఆదివారం విశ్వాసిగా ఉండేవారు ప్రతి పేటలోనూ కనిపిస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని చూసి ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది. బాప్తిస్మం, ఆదివారం హాజరు ఉంటే చాలు, నువ్వు క్రైస్తవుడివే అంటుంది కోర్టు. అవి ఉన్నా చాలవు, ధ్రువపత్రంలో మతం మార్పించుకోలేదు గనుక వేషధారివి అంటాడు పక్క బెంచీ బ్రదర్. ఆ ధ్రువపత్రం మీద కొడుకు ఇంజినీరింగ్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆధారపడి ఉన్న తండ్రికి ఈ రెండు తీర్పులూ ఒకే వారంలో వినబడుతుంటాయి. మతం మారిన దళితుల హోదాపై కేంద్రం 2022 అక్టోబరులో విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. ఈలోగా మీసేవ దరఖాస్తులో మతం గడి నింపేటప్పుడు ఆ తండ్రి ఏం రాయాలో ఏ సంఘమూ అధికారికంగా చెప్పదు. రాసిన తర్వాత మాత్రం బల్ల దగ్గర మాట్లాడుకుంటారు.