వాల్యూమ్ చక్రం కింద ఏముంది?

అటక మీద నుంచి దించిన పాత వాక్‌మన్‌లో, అంటే చేత్తో పట్టుకెళ్ళే చిన్న క్యాసెట్ ప్లేయర్‌లో, కొత్త సెల్లు వేసి చూస్తే చాలాసార్లు పాట వస్తుంది. వాల్యూమ్ చక్రం కదిపినప్పుడల్లా మాత్రం చెవుల్లో గరగర. ఒక్కోసారి ఒక చెవిలో శబ్దం పోతుంది, చక్రాన్ని కాస్త అదిమి పట్టుకుంటే తిరిగొస్తుంది. కొన్నిటిలో ప్లే మీట గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ మోటారు తిరగదు. విజయవాడలో రిపేరు షాపులకు తీసుకెళ్తే “పార్టులు రావట్లేదండీ, ఇంక పక్కన పెట్టేయండి” అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఇలాంటి జబ్బుల్లో చాలా వాటికి కొత్త పార్టు అవసరమే లేదు. ఐసీలు (చిప్‌లు), మోటారు, టేపు మీది పాటను చదివే హెడ్డు అన్నీ బాగానే ఉంటాయి. చెడేది రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకే చోటు. ఆ చోటు గురించి తెలిస్తే రిపేరు సగం అయిపోయినట్టే.

స్విచ్ వేశామంటే లోపల రెండు రేకులు ఒకదానికొకటి పూర్తిగా ఆనుకున్నాయని అనుకుంటాం. అద్దంలా మెరిసే రేకైనా సరే, మైక్రోస్కోప్ కింద చూస్తే ఎగుడుదిగుడుగానే ఉంటుంది. అలాంటి రెండిటిని కలిపితే ఎత్తుగా ఉన్న కొనలు మాత్రమే తాకుతాయి, రెండు చేతుల వేళ్ళు చాచి వేలికొసలు మాత్రం ఆనించినట్టు. కరెంటు అంతా ఆ కాసిని చుక్కల్లోంచే దాటాలి. స్వీడన్‌కు చెందిన రాగ్నర్ హోల్మ్ గత శతాబ్దంలో ఈ చుక్కల మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. ఇవాళ స్విచ్‌లు, రిలేలు, కనెక్టర్లు తయారుచేసేవాళ్ళ లెక్కలకు ఆయన పనే పునాది. అందులో మనకు ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటుంది. రేకుల వెడల్పు పెంచినంత మాత్రాన పెద్ద లాభం లేదు, అవి ఎంత బలంగా ఆనుకున్నాయన్నదే ముఖ్యం. బలం పెరిగితే కొనలు నలిగి, తాకే మేర పెరుగుతుంది. పాడైన మీట గట్టిగా నొక్కితే పనిచేయడానికి కారణం ఇదే.

ఇక ఆ చుక్కల మీద పొర కడితే కష్టం. రాగి, ఇత్తడి మీద చిలుము పడుతుంది. స్విచ్ రేకుల మీద తరచూ వెండి పూత ఉంటుంది. గాలిలో ఉండే కొద్దిపాటి హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే వెండి మీద సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. ఇంట్లో వెండి పట్టీలు, కుంకుమ భరిణెలు నల్లబడేది కూడా దీనివల్లే. మురుగు నిలిచిన కాలువ పక్క నుంచి వెళ్తుంటే వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన ఈ వాయువుదే. మూడు కాలువలు ఊరి మధ్య నుంచి పోయే విజయవాడలో, పైగా గాలిలో ఇంత తేమ ఉండే చోట, వెండి తొందరగా నల్లబడటంలో వింతేమీ లేదు.

మరి గోడకున్న లైటు స్విచ్ ముప్పై ఏళ్ళయినా పనిచేస్తోంది కదా, దానిలో రేకులకు పొర కట్టదా? కడుతుంది. కానీ అక్కడ 230 వోల్టులు ఉన్నాయి. స్విచ్ వేసిన ప్రతిసారీ ఆ వోల్టేజీ సన్నటి పొరను చీల్చేస్తుంది, చిన్న నిప్పురవ్వ లేచి మకిలిని కాల్చేస్తుంది. 1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి వాక్‌మన్‌కు ఉన్నవి రెండు ఏఏ సెల్లు, అంటే 3 వోల్టులు. పాట సిగ్నల్ అయితే అందులో చిన్న భాగమే. ఇంత తక్కువ వోల్టేజీకి పొరను చీల్చే శక్తి ఉండదు. అందుకే పెద్ద కరెంటు స్విచ్‌ను ఏమీ చేయని మకిలి ఈ చిన్న స్విచ్‌ను మూగదాన్ని చేస్తుంది. ఖరీదైన కనెక్టర్లకు బంగారు పూత వేసేది కూడా ఇందుకే. బంగారం మీద ఇలాంటి పొర కట్టదు.

ఇలాంటి చోట్ల పొరను తొలగించే ముఖ్యమైన దారి రాపిడే. వాడుతూ ఉంటే రేకులు ఒకదాని మీద ఒకటి జారుతూ తమను తామే తుడుచుకుంటాయి. పదేళ్ళు పెట్టెలో పడి ఉన్న ప్లేయర్‌కు ఆ అవకాశం ఉండదు. రోజూ వాడిన సెట్టు కంటే జాగ్రత్తగా దాచిన సెట్టే ముందు మొరాయించేది ఇందువల్లే.

ఇప్పుడు వాల్యూమ్ చక్రాన్ని దగ్గరగా చూద్దాం. వెనక మూత స్క్రూలు విప్పితే చక్రం అంచు ఒక చిన్న గూటిలోకి పోతున్నట్టు కనిపిస్తుంది. మెకానిక్‌లు దీన్ని పాట్ అంటారు. గూటి లోపల ముప్పావు వంతు గుండ్రంగా నల్లటి పట్టీ ఉంటుంది. కార్బన్ పొడిని రెసిన్‌తో కలిపి అద్దిన పట్టీ అది. దాని మీద గోరు కంటే సన్నటి స్ప్రింగు రేకు జారుతూ ఉంటుంది. రేకు కొనను నిలువునా చీల్చి రెండు మూడు వేళ్ళలా చేస్తారు, ఒకటి లేచినా ఇంకొకటి పట్టీని వదలకుండా. స్టీరియో సెట్టులో ఇలాంటి పట్టీలు రెండు, కుడి చెవికొకటి, ఎడమ చెవికొకటి. రేకు ఏ దుమ్ము రేణువు మీదికో ఎక్కితే వెయ్యో వంతు సెకను పాటు పట్టు తప్పుతుంది. ఆ క్షణంలో సిగ్నల్ తెగి, మళ్ళీ అతుక్కుంటుంది. సిగ్నల్ అలా వరసగా తెగుతూ ఉంటే మనకు వినిపించేదే గరగర.

ఆ పట్టీలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇంకోటి ఉంది. అది మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉండదు. మన చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే స్పీకర్‌కు వెళ్ళే శక్తి దాదాపు పది రెట్లు పెరగాలి. నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, సమానంగా పెరిగే పట్టీ వేస్తే చక్రం కొంచెం కదపగానే శబ్దం ఒక్కసారిగా పెరిగిపోతుంది, మిగతా దూరమంతా తేడా పెద్దగా తెలియదు. అందుకని చక్రం సగం తిరిగేసరికి మొత్తం నిరోధంలో 10 నుంచి 15 శాతమే వచ్చేలా, తర్వాత జోరుగా పెరిగేలా పట్టీని తయారుచేస్తారు. జపాన్ తరహా పాట్‌ల మీద ‘ఏ’ అక్షరం ఉంటే ఈ రకం, ‘బీ’ ఉంటే సమానంగా పెరిగే రకం. మనిషి చెవి వినే తీరును ఒక నల్లటి పూతలో ఇమిడ్చారన్నమాట.

శుభ్రం చేయడానికి ముందు సెల్లు తీసేయండి. మొదటి మందు ఉచితమే: చక్రాన్ని ఈ కొన నుంచి ఆ కొనకు ఇరవై ముప్పై సార్లు తిప్పండి. పొర పలుచగా ఉంటే దీంతోనే పోతుంది. పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, సెల్‌ఫోన్ స్పేర్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. పాట్ పిన్నుల పక్కనున్న సందులో సిరంజితో రెండు చుక్కలు వేసి, మళ్ళీ తిప్పి, పూర్తిగా ఆరనివ్వాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ దీనికి పనికిరాదు. అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి, ఆరాక జిగురుగా మిగులుతాయి. కుట్టుమిషన్ నూనె వేస్తే గరగర ఆ పూటకు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, ఆ నూనెకు దుమ్ము అంటుకుని ముద్దవుతుంది. గరుకు కాగితంతో రుద్దడం అస్సలు వద్దు. పోయేది మకిలి ఒక్కటే కాదు, కార్బన్ కూడా లేచిపోతుంది.

ఎంత శుభ్రం చేసినా చక్రం పొడుగునా ఒకేలా గరగర వస్తుంటే పాట్‌ను అనుమానించడం మానేయాలి. పాట్ దాకా పాట సిగ్నల్ మాత్రమే రావాలి, డీసీ (సెల్లు ఇచ్చే, ఒకే దిశలో పోయే కరెంటు) రాకూడదు. దాన్ని ఆపేది దారిలో ఉన్న చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. అది లీకైతే పట్టీ మీద డీసీ నిలిచి, రేకు కదిలినప్పుడల్లా శబ్దం చేస్తుంది. సెట్టు ఆన్‌లో ఉంచి, వోల్టేజీ, నిరోధం కొలిచే మల్టీమీటర్‌తో పట్టీ రెండు కొనల మధ్య డీసీ వోల్టేజీ చూడండి. దాదాపు సున్నా ఉండాలి. లేకపోతే మార్చాల్సింది కెపాసిటర్‌ను. ఈ కెపాసిటర్లకు వేడి పడదు, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్ళో, డాబా కింద అటక మీద వస్తువులు దాచడం గురించి ఒకసారి ఆలోచించుకోవాల్సిందే.

ప్లే మీట సంగతి ఇంకా తేలిక. పాత మోడళ్ళలో ఆ మీట హెడ్డును టేపు మీదికి తోస్తూనే పక్కనున్న రెండు రాగి మిశ్రమపు ఆకుల్ని కలుపుతుంది. అవి కలిస్తేనే మోటారుకు కరెంటు. ఐపీఏలో తడిపిన మందపాటి కాగితం ముక్కను ఆ ఆకుల మధ్య పెట్టి, మీట నొక్కి మెల్లగా లాగితే నల్లటి గీత కాగితం మీదికి దిగుతుంది. ఆకు వంగిపోయి ఉంటే సన్న పట్టకారుతో రవ్వంత సరిచేయాలి.

సెల్లు కారిన సెట్టయితే ముందు ఆ సెల్లు ఏ రకమో చూడాలి. ఆల్కలైన్ సెల్లులోంచి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, క్షారం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లటి పొడిలా గడ్డకడుతుంది. దీనికి దూది పుల్లతో నిమ్మరసమో వెనిగరో అద్దాలి. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే మామూలు జింక్ కార్బన్ సెల్లు కారితే వచ్చేది ఆమ్ల గుణం ఉన్న ద్రవం, దానికి వంటసోడా కలిపిన నీళ్ళు కావాలి. ఏది వాడినా చివర్లో శుభ్రమైన నీటి తడితో, ఆ తర్వాత ఐపీఏతో తుడవాలి.

ఐపాడ్ దగ్గరికొస్తే కథ మారుతుంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ చక్రం నిజంగానే తిరిగేది. 2002లో వేలు జరిపితే చాలనే చక్రం వచ్చింది, 2004లో అదే చక్రం కింద నొక్కుడు బటన్లు కూడా చేరాయి. ఇక్కడ వేలికీ లోపలి రాగి పలకలకీ మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, రెండూ తాకవు. మన ఒంట్లో ఉప్పునీరు ఉంది కాబట్టి వేలు దగ్గరికి రాగానే పలక కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకునే సామర్థ్యం) రవ్వంత మారుతుంది. ఏ పలక దగ్గర మారిందో లెక్కగట్టి, వేలు ఎటు జరుగుతోందో చిప్ కనిపెడుతుంది. ఎండాకాలం చెమట చేతులతో పట్టుకుంటే పాటల జాబితా ఇష్టమొచ్చినట్టు పరుగెత్తడానికి కారణం తడి పొర ఆ లెక్కను చెరిపేయడమే. నాసిరకం చార్జర్ పెట్టినప్పుడు ఫోన్ టచ్ పిచ్చిగా ప్రవర్తించడం మీరు చూసే ఉంటారు. చార్జర్ నుంచి వచ్చే విద్యుత్ రొద ఇలాగే లెక్క తప్పిస్తుంది. కాబట్టి ఐపాడ్ చక్రం పాడైందనుకునే ముందు చార్జర్ తీసి, పొడి గుడ్డతో తుడిచి, పైనున్న హోల్డ్ స్విచ్‌ను (బటన్లకు తాళం వేసేది) రెండు మూడు సార్లు అటూ ఇటూ జరిపి చూడాలి. హోల్డ్ పూర్తిగా జరక్కపోతే చక్రం మొత్తం చచ్చినట్టే ఉంటుంది.

బటన్ ఒకసారి నొక్కితే రెండు పాటలు దాటుతోందా? బటన్ కింద ఉబ్బెత్తుగా ఉండే చిన్న స్టీలు రేకు ఉంటుంది. కొంత బలం దాకా ఓర్చుకుని ఒక్కసారిగా లోపలికి కుంగుతుంది, వేలికి తెలిసే ఆ టిక్ అదే. కుంగినప్పుడు రేకు కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడుతుంది. ఆ కాసేపు చిప్ పట్టించుకోకుండా ఆగుతుంది. రేకు అరిగి, మకిలి పట్టి ఎక్కువసేపు ఎగిరితే చిప్ దాన్ని రెండో నొక్కుడుగా తీసుకుంటుంది. దీనికి కూడా ఐపీఏ చుక్క వేసి పదే పదే నొక్కడమే మొదటి వైద్యం.

మళ్ళీ వాక్‌మన్ పాట్‌కు వస్తే, కార్బన్ నిజంగా అరిగిపోయిందో లేదో మల్టీమీటర్ చెప్పేస్తుంది. సెల్లు తీసేసి, నడిమి పిన్నుకూ ఒక చివరి పిన్నుకూ మధ్య నిరోధం చూస్తూ చక్రం నెమ్మదిగా తిప్పండి. అంకెలు సాఫీగా పెరగాలి. ఒకే చోట ప్రతిసారీ ఎగిరితే అక్కడ పట్టీ లేదన్నమాట, మార్చాల్సిందే. గూటి మీద రాసి ఉన్న విలువ, ‘ఏ’నా ‘బీ’నా అన్నది, పిన్నుల మధ్య దూరం, ఈ మూడూ రాసుకుని షాపుకు వెళ్ళండి. కొత్తది దొరక్కపోతే చచ్చిపోయిన ఇంకో ప్లేయర్‌లోంచి తీసింది వేసుకోవచ్చు, పైన చెప్పినట్టు శుభ్రం చేసి, మీటర్‌తో ముందే పరీక్షించి. టంకం వేయడానికి 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్ చాలు. పిన్ను మీద రెండు మూడు సెకన్లకు మించి ఆనించి ఉంచితే బోర్డు మీది రాగి గీత ఊడి వస్తుంది.