ప్లాస్మా సర్ఫేస్ వేవ్ సిమ్యులేషన్: లాంబ్డా బై 20 దగ్గర మునిగిపోతున్నవాళ్ల కోసం (అపోహలు - వాస్తవాలు)

గచ్చిబౌలిలో (హైదరాబాద్ యూనివర్సిటీ) చేరినా కందిలో (ఐఐటీ హైదరాబాద్) చేరినా, ప్లాస్మా సిమ్యులేషన్ మొదలుపెట్టే పిల్లలకు సీనియర్ల నుంచి అందే మొదటి సలహా ఒకటే: "సెల్ సైజు (గ్రిడ్‌లో ఒక్క గడి కొలత) లాంబ్డా బై 20, అంటే తరంగదైర్ఘ్యంలో ఇరవయ్యో వంతు పెట్టెయ్, చాలు." అది నమ్మి నెలల తరబడి రన్‌లు వేస్తారు. తీరా గ్రిడ్ కాస్త మార్చగానే శోషణ పవర్ మారిపోతుంది. కోడ్‌లో బగ్ ఉందని, థీసిస్ పోయిందని హడలిపోతారు. కంగారు పడకండి. చాలాసార్లు కోడ్ బాగానే ఉంటుంది, గ్రిడ్డే తప్పు.

అపోహ: లాంబ్డా బై 20 సెల్ సరిపోతుంది.

వాస్తవం: ఆ లెక్క ఖాళీలో వెళ్లే తరంగానికి. సర్ఫేస్ వేవ్ ప్లాస్మా-క్వార్ట్జ్ సరిహద్దును అంటిపెట్టుకుని వెళ్తుంది, దాని ఫీల్డ్ ప్లాస్మా వైపు కొన్ని మిల్లీమీటర్లలోనే పడిపోతుంది. 2.45 గిగాహెర్ట్జ్‌కి ఖాళీలో లాంబ్డా 12.2 సెం.మీ., అందులో ఇరవయ్యో వంతు 6 మి.మీ. ఎలక్ట్రాన్ సాంద్రత ఘనపు మీటరుకు 10¹⁸, క్వార్ట్జ్ పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే కొలత) 3.8 అయితే, ప్లాస్మాలో ఫీల్డ్ 37 శాతానికి పడిపోయే లోతు 4.6 మి.మీ. మీ సెల్ అంతకంటే పెద్దది!

సాంద్రత తగ్గితే గ్రిడ్ సడలించొచ్చని ఇంకో మాట. అదీ తప్పే. 4×10¹⁷ దగ్గర సర్ఫేస్ వేవ్ తరంగదైర్ఘ్యం 5.2 నుంచి 2.3 సెం.మీ.కి, లోతు 3.4 మి.మీ.కి తగ్గిపోతాయి. ప్లాస్మా పర్మిటివిటీ మైనస్ 3.8 అయ్యే రెజొనెన్స్‌కు, అంటే 3.6×10¹⁷కి, దగ్గరవుతున్నాం కాబట్టి. అందుకే మీ రన్‌లో వేవ్ నిలబడే అతి తక్కువ సాంద్రతకు గ్రిడ్ ఎంచుకోండి.

సరిహద్దుకు రెండు వైపులా 2 సెం.మీ. మేర 0.4 మి.మీ. సెల్స్ వేయండి. ఆపైన పక్క సెల్‌కు 1.2 రెట్లు మించకుండా పెంచుకుంటూ పోండి. త్రీడీ ఎఫ్‌డీటీడీలో (ఫీల్డ్‌ను గ్రిడ్ మీద చిన్న చిన్న టైమ్ స్టెప్‌లలో లెక్కించే పద్ధతి) టైమ్ స్టెప్ 0.77 పికోసెకన్ల లోపే ఉండాలి. సరిగ్గా సరిహద్దు మీద పడే, దానికి సమాంతరంగా ఉండే విద్యుత్ క్షేత్రానికి రెండు పర్మిటివిటీల సగటు ఇవ్వండి. లేకపోతే గోడ అర సెల్ జరిగినట్టే. తర్వాత 0.2 మి.మీ.తో మళ్లీ రన్ చేసి శోషణ పవర్ పోల్చండి. కొలీజన్ ఫ్రీక్వెన్సీని (ఎలక్ట్రాన్లు సెకనుకు ఎన్నిసార్లు ఢీకొంటాయో ఆ సంఖ్య) సున్నా చేయొద్దు: సాంద్రత క్రమంగా మారే చోట పర్మిటివిటీ సున్నా అయ్యే పొరలో ఫీల్డ్ హద్దు లేకుండా పెరుగుతుంది, గ్రిడ్ ఎంత సన్నం చేసినా ఫలితం కుదురుకోదు.

అపోహ: క్రిటికల్ సాంద్రత (ప్లాస్మా పర్మిటివిటీ సున్నా అయ్యే సాంద్రత) 7.4×10¹⁶ దాటితే వేవ్ ఉండదు.

వాస్తవం: ప్లాస్మా లోపలికి చొచ్చుకుపోదు, అంతే. సర్ఫేస్ వేవ్‌కు ఆ సాంద్రత దాటాలి, క్వార్ట్జ్ పక్కన అయితే పైన చెప్పిన 3.6×10¹⁷ కూడా దాటాలి.

అపోహ: పిక్ (PIC, ఎలక్ట్రాన్లను కణాలుగా కదిలించే సిమ్యులేషన్) లేకుండా ఫలితం నమ్మలేం.

వాస్తవం: 10¹⁸, 2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర డిబై లెంగ్త్ (ప్లాస్మాలో ఒక చార్జ్ ప్రభావం కనిపించే దూరం) దాదాపు 10 మైక్రాన్లు, పిక్ సెల్ దాదాపు అంతే ఉండాలి. 20 సెం.మీ. చాంబర్‌కు ఒక్క దిశలోనే 20,000 సెల్స్. డిస్పర్షన్ (ఫ్రీక్వెన్సీని బట్టి తరంగదైర్ఘ్యం మారే తీరు) కోసమైతే, ప్లాస్మాను పర్మిటివిటీ సూత్రంతోనే చూసే డ్రూడ్ మోడల్ చాలు.

అపోహ: పీఎంఎల్ (గ్రిడ్ అంచున తరంగాన్ని తిరిగి రానీయకుండా పీల్చేసే పొర) ఎక్కడ పెట్టినా ఒకటే.

వాస్తవం: సరిహద్దును పీఎంఎల్ లోపలికి కూడా కొనసాగించండి. సరిహద్దుకు సమాంతరంగా ఉండే పీఎంఎల్ పొరను కనీసం ఐదారు క్షీణత లోతుల (ఫీల్డ్ 37 శాతానికి పడిపోయే లోతు) దూరంలో ఉంచండి, సీపీఎంఎల్ (పీఎంఎల్‌లో ఒక మెరుగైన రకం) వాడండి.