కాటన్‌వుడ్ కొట్టేస్తే తుమ్ములు ఆగవు

మే నెలొస్తే నా ఫోన్ ఆగదు. "అన్నా, పెరట్లో కాటన్‌వుడ్ చెట్టు దూది ఒకటే ఎగురుతోంది, పిల్లాడు తుమ్ములతో చస్తున్నాడు. కొట్టెయ్యడానికి ఎంతవుతుంది?" డాలస్ చుట్టుపక్కల చెట్ల పని చేస్తున్నప్పటి నుంచీ ఏటా ఇదే పాట.

ఆ దూది పుప్పొడి కాదండీ బాబూ! గింజకుండే నూగు. ముక్కులో దూరితే చిరాకు పెడుతుంది, అంతే. పోతుతాడు, పండుతాడు ఉన్నట్టే కాటన్‌వుడ్‌లోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. దూది రాల్చేది ఆడది. పుప్పొడి వదిలేది మగది, అదీ మార్చిలోనే, ఆకులు విచ్చుకోకముందే. కార్ల మీద ఎర్ర గొంగళిపురుగుల్లా రాలి కనిపిస్తాయే, అవీ మగపూల గుత్తులు. మేలో దూదితో పాటు గడ్డి పుప్పొడి కూడా గాలి నిండా ఉంటుంది. అది కంటికి కనపడదు. నింద మాత్రం కనపడేదాని మీద.

నర్సరీలో "దూది రాని రకం" అని అమ్మేది మగచెట్టే. ఎలర్జీకి భయపడి దాన్ని నాటుకునేవాళ్లకి ఏం చెప్పను?

మొదట్లో నేనూ బేరం తగిలింది చాలని రంపం ఎత్తినవాణ్ణే. ఒకరింట్లో ఇద్దరు చేతులు చాపినా అందని మాను. రెండ్రోజుల పని, వేల డాలర్లు. మరుసటి మేలో వెళ్తే వాళ్లబ్బాయి కళ్లు మళ్లీ చింతనిప్పులే, పైగా పడమటెండ నేరుగా హాల్లోకి. ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. పిల్లాడు రాత్రంతా నిద్రపోకపోతే ఆ కంగారేంటో నాకూ తెలుసు. అందుకే ముందు ఎలర్జీ డాక్టరు దగ్గర స్కిన్ టెస్ట్ చేయించండి, రంపం సంగతి తర్వాత.

మిగతావి గబగబా. ఇది మన బూరుగు కాదు, విల్లో కుటుంబం. వేర్లు పునాదిని గుద్ది పగలగొట్టవు. ఇక్కడి నల్లమట్టిలో నీళ్లు లాగేస్తే మట్టి కుంచించుకుని పునాది కుంగుతుంది, కాబట్టి గోడ పక్కన నాటొద్దు. చెట్టు తల నరికిస్తే భద్రమనేది శుద్ధ తప్పు. ఏడాదికి 6 అడుగులు పెరగగలిగే చెట్టు, కలప అసలే మెత్తన. నరికిన చోట లేచే కొమ్మలు పైపైన అతుక్కుని ఉంటాయి, గాలివానకి ముందు విరిగేవి అవే. ఊయల మీద ఎండుకొమ్మ ఉంటే మాత్రం వెంటనే పిలవండి.

దూది నిజంగా పాడుచేసేది ఏసీని. బయటి యూనిట్‌కి దుప్పటిలా పట్టేస్తుంది. బ్రేకర్ ఆపేసి, తోట పైపుతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే దాని పల్చటి రేకులు (ఫిన్స్) వంగిపోతాయి.

నిరుడు గుంటూరు నుంచి వచ్చిన ఒక మామ్మగారు ఆ దూదిని చాటలోకి ఏరి వత్తులు చేయబోయారు. ఎంత నలిపినా పురి పడదే! ఒక పోగు విప్పి చూపించాను, లోపల నువ్వుగింజంత కూడా లేని గింజ. "ఓసి దీని అసాధ్యం కూలా, ఇంత మాను ఇందులోంచా?" అని దాన్ని కరివేపాకు కుండీలో వేసేశారు. వద్దన్నాను. విన్లేదు.