వేళ్ల మధ్య పిక్, వేలికి తొడిగిన పిక్

గిటార్ తీగలు మీటే చిన్న బిళ్ల పిక్. వేళ్ల మధ్య పట్టుకునేది ఫ్లాట్ పిక్, బొటనవేలికి తొడుక్కునేది థంబ్ పిక్. గిటార్ తీగను పిక్‌తో మీటినప్పుడు ముందుగా ఆ తీగ వంగుతుంది. పిక్ కొన దాన్ని ఒక పక్కకు లాగితే, కొన తగిలిన చోట మూల తేలి తీగ పల్చటి త్రిభుజంలా మారుతుంది. కొన జారిపోగానే ఆ మూల రెండుగా విడిపోయి తీగ రెండు చివరలకూ పరుగెడుతుంది. మూల ఎంత పదునుగా ఉంటే పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) అంత ఎక్కువగా పుడతాయి, నాదం అంత మెరుస్తుంది. వేలి కండ మెత్తగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి అది వదిలే మూల గుండ్రంగా ఉంటుంది. వట్టి బొటనవేలితో మీటిన బాస్ (మంద్ర స్వరాల లావు) తీగ మెత్తగా, పిక్‌తో మీటినది ఖణీమని మోగడానికి కారణం ఇదే.

ఎక్కడ మీటుతున్నామన్నదీ ముఖ్యమే. 648 మిల్లీమీటర్ల తీగను బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే ఆధారం) నుంచి 130 మిల్లీమీటర్ల దూరంలో, అంటే దాదాపు ఐదో వంతు దగ్గర మీటితే ఐదో హార్మోనిక్ దాదాపు వినిపించదు, పదోది కూడా అంతే. బ్రిడ్జ్ వైపు జరిగేకొద్దీ పై హార్మోనిక్స్ వాటా పెరిగి శబ్దం సన్నబడుతుంది.

ఈ లెక్కల్లో థంబ్ పిక్‌కూ ఫ్లాట్ పిక్‌కూ తేడా లేదు. రెండిటి మందం, కొన ఒకటే అయి, ఒకే చోట ఒకే కోణంలో మీటితే ఏది ఏదో చెవికి పట్టుకోవడం కష్టం. అసలు చిక్కంతా ఆ కోణం దగ్గరే ఉంది. ఫ్లాట్ పిక్‌ను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటాం కాబట్టి వాలు, బిగువు, బయటికి కనిపించే కొన పొడవు ప్రతి దెబ్బకూ మార్చుకోవచ్చు. థంబ్ పిక్ ఉంగరంలాంటిది. దాని వాలు మార్చాలంటే బొటనవేలినే తిప్పాలి. అయితే ఆ స్వేచ్ఛ వదులుకున్నందుకు చూపుడు వేలు ఖాళీ అవుతుంది, పిక్ జారిపోతుందన్న బెంగ కూడా ఉండదు.

వేగం సంగతి చూద్దాం. నిమిషానికి 120 బీట్ల లయలో బీటుకు నాలుగు నోట్లు వాయిస్తే సెకనుకు 8 నోట్లు. ఫ్లాట్ పిక్ కిందికీ పైకీ రెండు వైపులా మీటుతుంది కనుక చెయ్యి సెకనుకు 4 సార్లు వెళ్లి వస్తే చాలు. థంబ్ పిక్‌తో కింది దెబ్బలే వేస్తే 8 సార్లు వెళ్లి రావాలి. ఒకే తీగ మీద వేగంగా నడిచే స్వరాలకు ఫ్లాట్ పిక్‌దే పైచేయి కావడానికి ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు. ఫిడేలు పాటలను గిటార్ మీదికి తెచ్చిన అమెరికన్ గిటారిస్ట్ డాక్ వాట్సన్ వాటిని వాయించింది ఫ్లాట్ పిక్‌తోనే.

అమెరికాలోని కెంటకీకి చెందిన గిటారిస్ట్ మెర్ల్ ట్రావిస్ శైలిలో పని విభజన వేరు. థంబ్ పిక్ తొడిగిన బొటనవేలు బాస్ తీగల మధ్య అటూ ఇటూ తూగుతూ బీటుకు ఒక్క దెబ్బే వేస్తుంది. 120 లయలో అది సెకనుకు 2 దెబ్బలు, ఏ మాత్రం శ్రమ లేదు. మధ్యలో పాటను వేళ్లు నడుపుతాయి. ట్రావిస్‌కు ఆ పనికి ఒక్క చూపుడు వేలు సరిపోయింది. ఆయన వాద్యాన్ని రేడియోలో విన్న మరో గిటారిస్ట్ చెట్ అట్కిన్స్ అన్ని స్వరాలు ఒక్క వేలితో సాధ్యం కావనుకుని, తను మరిన్ని వేళ్లతో సాధన చేశాడు. అలా పొరపాటు ఊహ నుంచి ఇంకో శైలి పుట్టింది.

థంబ్ పిక్ కొన్నవాళ్లలో చాలామంది వారానికే దాన్ని పక్కన పడేస్తారు. తప్పు సాధారణంగా అమరికలో ఉంటుంది. గోరు మొదలుకూ కణుపుకూ మధ్య అది కదలకుండా కూర్చోవాలి. వేలి కొన ఎర్రబడి తిమ్మిరెక్కితే బిగుతు ఎక్కువైనట్టు, మీటినప్పుడు పక్కకు తిరిగితే వదులైనట్టు. వేలికి చుట్టుకునే పట్టీని సరిచేయాలంటే పొయ్యి మీంచి అప్పుడే దించిన వేడి నీళ్లలో పట్టకారుతో అర నిమిషం ముంచి, వేలంత లావున్న కర్రకు చుట్టి, ఆ ఆకారంలోనే చన్నీళ్లలో పెట్టాలి. నిప్పు మీద మాత్రం వేడి చేయకూడదు, సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పిక్ భగ్గుమని అంటుకుంటుంది. నైలాన్, డెల్రిన్ (ఒక గట్టి ప్లాస్టిక్) పట్టీలు మొండివి, ఒకసారితో లొంగకపోవచ్చు.

తర్వాత కొన పొడవు. కొత్త పిక్కుల కొన సాధారణంగా అవసరానికి మించి పొడవుంటుంది. తీగల్లోకి లోతుగా దిగి ఇరుక్కుంటుంది, లేదా బాస్ మోత పెరిగి పాట మునిగిపోతుంది. గోళ్ల ఆకురాయితో ఒకసారికి అర మిల్లీమీటరు చొప్పున అరగదీసి, వాయించి చూసుకుంటూ పోవాలి. తీగకు తగలాల్సింది 2, 3 మిల్లీమీటర్లే. చివర్న 400, ఆపైన 1000 నంబరు గరుకు కాగితంతో నునుపు చేయాలి. ఆకురాయి గీతలు మిగిలితే లోహపు చుట్లున్న లావు తీగల మీద అవే కిర్రుమంటాయి. కొన నునుపైనా ఆ కిర్రు పోకపోతే బొటనవేలి వాలు చూసుకోండి. వేలు తీగలకు దాదాపు సమాంతరంగా ఉంటే కొన పూర్తిగా ఆనుతుంది. వేలు వంగితే కొన అంచు తీగ చుట్ల మీద గీసుకుపోతుంది.

ఫ్లాట్ పిక్ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పట్టులోంచి వచ్చేవే. కొన 5 మిల్లీమీటర్లకు మించి బయటికి వస్తే తీగ దాన్ని తిప్పేస్తుంది. తిరిగిందని గట్టిగా నొక్కితే మణికట్టు బిగుసుకుని లయ చెడుతుంది. చెమట పడితే పిక్ ముఖం మీద సూదితో అడ్డంగా, నిలువుగా గీతలు గీస్తే పట్టు దొరుకుతుంది. 0.5 మిల్లీమీటర్ల పల్చటి పిక్ తనే వంగిపోతుంది కాబట్టి స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నిటినీ ఒక్క ఊపులో మీటడంలో) దెబ్బ బలం మితంగా ఉంటుంది, కానీ ఒంటి స్వరాల్లో తీగను ఆలస్యంగా వదిలి టపటపమంటుంది. వాటికి 1 మిల్లీమీటరు పైబడినదే నయం.

ఇక థంబ్ పిక్‌తో స్ట్రమ్మింగ్. కింది దెబ్బలో తీగ పిక్ కొనను వేలి కండ వైపు నెడుతుంది, కండ ఆసరా ఇస్తుంది. పై దెబ్బలో తీగ దాన్ని కండ నుంచి దూరంగా లాగుతుంది, అప్పుడు ఆపేది పట్టీ ఒక్కటే, అందుకే పిక్ మెలిపడుతుంది. చూపుడు వేలిని అవతలి వైపు ఆనించి కొనను నొక్కి పట్టుకుంటే ఆ మెలి పోతుంది, పిక్ ఫ్లాట్ పిక్‌లాగే పని చేస్తుంది. అయితే ఖాళీ అయిన చూపుడు వేలు మళ్లీ పిక్‌కే అంకితమైపోతుంది. మధ్య వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు మిగులుతాయి. ఫ్లాట్ పిక్ పట్టుకుని మిగతా వేళ్లతో తీగలు లాగే హైబ్రిడ్ పికింగ్ వాళ్లకు మిగిలేవీ ఆ మూడే.