రాని బాంబు కోసం పూసిన పూత

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకుల మోడళ్లు కట్టేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. ట్యాంకు ఒంటినిండా గీతలు గీతలుగా కనిపించే జిమ్మెరిట్ పూతను పుట్టీతో చేత్తో గీయాలా, లేక రెజిన్‌తో (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) చేసిన పల్చటి షీట్లు కొని అంటించాలా? ఈ గొడవ అర్థం కావాలంటే ముందు ఆ పూత ఎందుకు వచ్చిందో తెలియాలి.

1942 చివర్లో జర్మన్ సైన్యం చేతికి ఒక కొత్త బాంబు వచ్చింది. మూడు కిలోల బరువు, అడుగున మూడు అయస్కాంతాలు. సైనికుడు ట్యాంకు దాకా వెళ్లి దాన్ని చేత్తో అంటించి, ఫ్యూజు లాగి పరుగెత్తాలి. పేలితే సుమారు 140 మిల్లీమీటర్ల ఉక్కును చీల్చుకుపోతుంది. ఇంత బాగా పనిచేసే వస్తువును శత్రువు కాపీ కొట్టకుండా ఉంటాడా అని జర్మన్లకే టెన్షన్ పట్టుకుంది. విరుగుడుగా బెర్లిన్‌లోని జిమ్మర్ అనే రసాయనాల కంపెనీ తయారుచేసిన ముద్దే జిమ్మెరిట్. కంపెనీ పేరే పూతకు వచ్చింది.

అందులో అంతుచిక్కని రసాయనమేమీ లేదు. సుమారు 40 శాతం బేరియం సల్ఫేట్, 25 శాతం పాలీవినైల్ అసిటేట్, మిగతాది పసుపు మట్టి రంగు, జింక్ సల్ఫైడ్, రంపపు పొట్టు. పాలీవినైల్ అసిటేట్ అంటే మన వడ్రంగులు వాడే ఫెవికాల్ జాతి జిగురే. ఈ ముద్ద అయస్కాంతాన్ని వెనక్కి నెట్టదు, ఉక్కుకు దూరంగా మాత్రం ఉంచుతుంది. అయస్కాంతానికి, ఉక్కుకు మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఎడం వచ్చినా పట్టు బాగా తగ్గిపోతుంది. పైన గీతలు గీస్తే అయస్కాంతం ఆనే చోటు ఇంకా తగ్గుతుంది. గీతలున్నది అందుకే, అందం కోసం కాదు.

1943 శరదృతువు వచ్చేసరికి ఫ్యాక్టరీల్లోనే పూయడం మొదలైంది. అందుకే అదే ఏడాది ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ వాళ్లకు చిక్కిన, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకుల మ్యూజియంలో ఉన్న టైగర్ 131 అనే జర్మన్ ట్యాంకు మీద ఈ పూత కనిపించదు. పని అంతా తాపీలతో, పళ్ల పలకలతో, చేత్తోనే. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో తీరు: టైగర్ల మీద అడ్డగీతలు, బెర్లిన్‌లోని ఆల్కెట్ ఫ్యాక్టరీలో తయారైన స్టుగ్-3 అనే ఫిరంగి బండ్ల మీద గళ్లు. పూసింది త్వరగా ఆరడానికి బ్లో ల్యాంప్‌తో కాచేవారు. ట్యాంకులు చాలక ముందువరుస సైన్యం మొత్తుకుంటున్న రోజుల్లో ఇదో అదనపు చాకిరీ.

ఇంతా చేస్తే, వాళ్లు భయపడిన అయస్కాంత బాంబులను మిత్రదేశాలు జర్మన్ ట్యాంకుల మీద పెద్ద ఎత్తున వాడనే లేదు. పైగా, గుండు తగిలితే పూతకు నిప్పు అంటుకుంటోందని పుకారు పుట్టింది. పరీక్షల్లో అది నిజం కాదని తేలినా, 1944 సెప్టెంబర్‌లో ఆగిన పూత మళ్లీ మొదలవలేదు. నిండా ఏడాది నడిచిన ఆ హడావుడే ఇవాళ మన బల్ల మీదికి వచ్చి కూర్చుంది.

మోడల్ కిట్లు చేసే జపాన్ కంపెనీ తమియా 1960ల ఆరంభంలో మొదలుపెట్టిన 1/35 స్కేలు (అసలు ట్యాంకులో 35వ వంతు), లోపల మోటారు, బ్యాటరీలు పట్టే సైజు చూసుకుని పెట్టుకున్నది. చాలాకాలం ఆ కిట్లన్నీ నున్నగానే వచ్చేవి. పూత కావాలంటే ఎంసీల్ లాంటి రెండు ముద్దల పుట్టీ కలిపి పూసి గీసుకోవాలి, లేదా సోల్డరింగ్ ఐరన్ అంచుతో ప్లాస్టిక్ మీదే వాతలు పెట్టుకోవాలి. తర్వాత ఇత్తడి రేకులు, స్టిక్కర్లు, పూతతో సహా అచ్చుపోసిన కిట్లు వచ్చాయి. వీటిలో నా ఓటు రెజిన్ షీటుకే. నమూనాను ఒక మనిషి చేత్తో గీసి, దాన్నిబట్టి అచ్చు తీస్తారు కాబట్టి మేస్త్రీ చేతి వంకర అందులో మిగులుతుంది. ఇత్తడి రేకులో ఆ వంకర రాదు.

చిక్కు మందంతో వస్తుంది. అసలు పూత 5 మిల్లీమీటర్లు అనుకుంటే 1/35లో అది 0.14 మిల్లీమీటరు. అంత పల్చగా రెజిన్ పోయడం కష్టం. కాబట్టి షీటు ఎంతో కొంత లావుగానే ఉంటుంది, బోల్టులు, కీలు పట్టీలు దాని కింద సగం మునిగిపోతాయి.

ఇక జిగురు. కిట్ సిమెంట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది, రెజిన్‌ను కరిగించలేదు. కాబట్టి ఫెవిక్విక్ లాంటిదే గతి. అది ఒకసారి పట్టిందంటే జరపనివ్వదు. టైగర్ టరెట్ (ఫిరంగి ఉండే, చుట్టూ తిరిగే పైభాగం) పక్క గోడలు గుర్రపు నాడాలా వంచిన ఒకే పలక. షీటును ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగాలి, లేకపోతే అచ్చుకు రాసిన జిడ్డు మీద జిగురు నిలవదు. తర్వాత వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక టరెట్ చుట్టూ వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి. జిగురు లేకుండా ఒకటికి రెండుసార్లు పెట్టి చూసుకోవాలి. అంటించేది వెనక మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ కొద్దికొద్దిగా రావాలి. నిదానంగా పట్టే జెల్ రకమైతే ఇంకా నయం. అంచులు నీళ్లతో తడిపి అరగదీయాలి, మాస్కు తప్పనిసరి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పూత ఊడిన చోట్లు కావాలంటే షీటు అంటించకముందే ఆ ముక్కలు గిల్లేయాలి, తర్వాత గీకితే కింద ప్లాస్టిక్ కూడా లేచొస్తుంది. ఏ మూలలు ఊడతాయో పాత ఫొటోల్లో చూసుకోవచ్చు. ముందు భాగం అంచులు, మనుషులు ఎక్కి దిగే చోట్లు ఎక్కువగా దెబ్బతినేవి. పక్కన వేలాడే పల్చటి రేకుల మీద మాత్రం మామూలుగా పూసేవారు కాదు, వాటికి షీటు కొనక్కర్లేదు.