కూలిన బాంబర్ సిబ్బంది, యుద్ధ ఖైదు: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో భద్రపరచిన డీహెచ్ 9ఏ బాంబర్ విమానం మీద హైదరాబాద్ నిజాం పేరు రాసి ఉంటుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో సమకూరిన 110వ స్క్వాడ్రన్‌కు చెందిన ఆ విమానం, 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లి తిరిగి రాలేదు. అందులోని ఇద్దరూ యుద్ధ ఖైదీలయ్యారు. విమానం జర్మనీలోనూ ఆ తరువాత పోలండ్‌లోనూ ఉండిపోయి, 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానానికి మారుగా బ్రిటన్‌కు చేరింది. యుద్ధ ఖైదీల చరిత్రను బోధించే నేను ఈ విమానం కథతో పాఠం మొదలుపెడతాను. అయినా పాఠం ముగిశాక వచ్చే తొలి ప్రశ్న చాలాసార్లు సొరంగాల గురించే ఉంటుంది. పట్టుబడిన వైమానికుడి జీవితమంటే తప్పించుకునే ప్రయత్నమేనని సినిమాలు మనల్ని నమ్మించాయి. అసలు ప్రమాదం విమానం కూలే నిమిషాల్లోనూ, నేల మీద గడిచే తొలి గంటల్లోనూ ఉండేది.

అపోహ: పారాచూట్ ఉంది కాబట్టి, విమానం కూలినా సిబ్బందిలో ఎక్కువమంది బతికి ఖైదీలయ్యేవారు.

వాస్తవం: 1918లో బ్రిటిష్ విమాన సిబ్బందికి పారాచూట్లే లేవు, విమానాన్ని ఎలాగో నేలకు దించగలిగినవారే ప్రాణాలతో పట్టుబడేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్లు వచ్చినా అవి అందరినీ కాపాడలేదు. బ్రిటిష్ వైమానిక దళపు బాంబర్ విభాగమైన బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది మరణించగా, ఖైదీలైనవారు 9,838 మంది మాత్రమే. అంటే ఒక్కరు ఖైదీ అయ్యే లోపు అయిదుగురికి పైగా చనిపోయారు. కూలిన అమెరికన్ పగటి బాంబర్ల నుంచి దాదాపు సగం మంది బయటపడగా, బ్రిటిష్ రాత్రి బాంబర్ హాలిఫాక్స్ నుంచి బయటపడినవారు పావు వంతు, లాంకాస్టర్ నుంచి నూటికి పది పదిహేను మంది మాత్రమే.

ఇంత తేడాకు కారణం ధైర్యసాహసాలు కావు. లాంకాస్టర్ ముక్కు అడుగున ఉన్న అత్యవసర ద్వారం వెడల్పు 22 అంగుళాలు, హాలిఫాక్స్‌లో 24. చీకట్లో, మంటల మధ్య, అదుపు తప్పి తిరిగే విమానంలో బరువైన దుస్తులు, పారాచూట్ తగిలించుకున్న మనిషికి ఆ రెండు అంగుళాలే ప్రాణాధారం. ఏడుగురి సిబ్బందిలో వెనుక గన్నర్ పరిస్థితి మరీ దారుణం. అతను కూర్చునే టరెట్ అనే ఇరుకైన, తిరిగే తుపాకీ గదిలో పారాచూట్‌కు చోటు చాలక, చాలా విమానాల్లో దానిని వెనుక విమాన గర్భంలో పెట్టేవారు. టరెట్‌ను విమానానికి నేరుగా తిప్పి, తలుపు తెరిచి, దానిని అందుకుని తగిలించుకున్నాకే అతను దూకగలడు. మిగతావారు దూకేదాకా విమానాన్ని నిలకడగా పట్టుకోవలసిన పైలట్‌కు చాలాసార్లు సమయం మిగిలేది కాదు. బాంబర్ కమాండ్‌లో గణాంకాల నిపుణుడిగా పనిచేసిన ఫ్రీమన్ డైసన్, ఈ ద్వారాన్ని వెడల్పు చేయించాలని తన విభాగం ఎంత ప్రయత్నించినా మార్పు అమలయ్యేసరికి ఆలస్యమైపోయిందని ఆ తరువాత బాధతో రాశారు. ఆయన ఆవేదన సమంజసమని నా అభిప్రాయం.

అపోహ: నేల మీదికి దిగితే చాలు, ప్రాణగండం తప్పినట్టే.

వాస్తవం: శత్రు సైనికుడు ఎదురుపడటమే చాలామందికి మేలైంది, ఎందుకంటే బాంబులకు ఇళ్లు, పిల్లలు పోగొట్టుకున్న జనం చేతికి చిక్కితే బతకడం కష్టమయ్యేది. 1944 మే నెలలో నాజీ మంత్రి గోబెల్స్ రాసిన వ్యాసం, అదే నెలలో నాజీ పార్టీ పెద్ద బోర్మన్ పంపిన సర్క్యులర్ ఆ ఆగ్రహానికి ప్రభుత్వ అండ ఇచ్చాయి. ఆ ఆగస్టు 26న జర్మనీలోని రూసెల్స్‌హైమ్ పట్టణంలో జరిగింది దానికి ఉదాహరణ. అంతకు రెండు రోజుల ముందు కూలిన ఒక అమెరికన్ లిబరేటర్ బాంబర్ సిబ్బందిలో ఎనిమిదిమందిని విచారణ శిబిరానికి రైలులో తరలిస్తున్నారు. క్రితం రాత్రి బ్రిటిష్ విమానాలు కురిపించిన బాంబులకు రైలు పట్టాలు దెబ్బతినడంతో వారిని ఊరి వీధుల గుండా నడిపించారు. ఆ ఊరి మీద బాంబు వేసినవారు కాకపోయినా, రాళ్లతో, ఇటుకలతో, కర్రలతో మొదలైన దాడి తుపాకీ కాల్పులతో ముగిసి ఆరుగురు చనిపోయారు. చనిపోయినట్టు పడి ఉన్న ఇద్దరు మాత్రమే బతికారు.

అపోహ: విచారణ అంటే చిత్రహింసలే.

వాస్తవం: ఆ సిబ్బందిని తీసుకువెళ్తున్నది ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి ఓబరుర్సెల్‌లో ఉన్న దులాగ్ లుఫ్ట్ అనే విచారణ శిబిరానికే. యుద్ధ ఖైదీల గురించిన 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీ తన పేరు, హోదా గానీ, సైనిక నంబరు గానీ చెబితే చాలు. ఒంటరి గదిలో కొన్ని రోజులు గడిపిన కుర్రవాడి ముందు, ఇంటికి కబురు పంపడానికంటూ రెడ్‌క్రాస్ పేరుతో ఒక దొంగ పత్రం పెట్టి, అందులో స్క్వాడ్రన్, స్థావరం, సహచరుల వివరాలు అడిగేవారు. అతని స్క్వాడ్రన్ కమాండర్ పేరు మొదలుకొని ఎన్నో సంగతులు విచారణాధికారి ముందే చెప్పేసి, అన్నీ మాకు తెలుసునన్న భ్రమ కల్పించేవాడు. అమెరికన్ ఫైటర్ పైలట్లను విచారించిన హాన్స్ షార్ఫ్ ఇలాంటి స్నేహపూర్వక సంభాషణకు పేరుపొందాడు. అలాగని అక్కడ హింస లేదనుకోకూడదు: గదులను భరించలేనంతగా వేడెక్కించి ఖైదీలను బాధపెట్టినందుకు ఆ కేంద్రం అధిపతి కిల్లింగర్‌కు 1945లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం అయిదేళ్ల శిక్ష విధించింది.

అపోహ: ఖైదీలందరూ సొరంగాలు తవ్వేవారు.

వాస్తవం: 1944 మార్చి 24 రాత్రి పట్టుబడిన వైమానికులను ఉంచిన సాగన్ జర్మన్ శిబిరం నుంచి సొరంగం గుండా 76 మంది బయటపడ్డారు, ముగ్గురు మాత్రమే స్వేచ్ఛా ప్రాంతాలకు చేరారు, దొరికినవారిలో 50 మందిని కాల్చి చంపారు. పారిపోయి దొరికిన ఖైదీకి జెనీవా ఒప్పందం అనుమతించిన శిక్ష గరిష్ఠంగా ముప్పై రోజులు. అధికశాతం ఖైదీలకు మాత్రం సొరంగం కన్నా రెడ్‌క్రాస్ పొట్లం, ఇంటి నుంచి ఉత్తరం, పరీక్షలకు చదువుకునే పుస్తకం ముఖ్యమయ్యాయి. అలా బతకడాన్ని తక్కువగా చూడటం నాకు సమ్మతం కాదు.

అపోహ: బాంబర్ సిబ్బందిని గనుల్లో, పొలాల్లో పనికి పెట్టేవారు.

వాస్తవం: ఆఫీసర్లను పనిచేయమని బలవంతపెట్టే వీలు ఒప్పందంలో లేదు; సార్జెంట్లకు పర్యవేక్షణ పని తప్ప మరొకటి అప్పగించరాదు. 1940 నుంచి బ్రిటిష్ విమాన సిబ్బంది అందరికీ కనీసం సార్జెంట్ హోదా ఇచ్చారు. అంతకు ముందు, 1939 సెప్టెంబరు 4న విల్‌హెల్మ్స్‌హాఫెన్ దాడిలో పట్టుబడి తొలి బ్రిటిష్ ఖైదీలైన ఇద్దరిలో లారీ స్లాటరీకి ఆ హోదా లేదు. ఆ దాడికి నేతృత్వం వహించిన కెన్నెత్ డోరన్ మన హైదరాబాద్ స్క్వాడ్రన్ వాడే; 1940 ఏప్రిల్‌లో నార్వే దాడిలో ఆయనా కూలి పట్టుబడ్డాడు.

అపోహ: యుద్ధరంగం దగ్గరయ్యేకొద్దీ ఖైదీలకు విముక్తి సులువైంది.

వాస్తవం: సోవియట్ ఎర్ర సైన్యం సమీపించడంతో 1945 జనవరి చివర సాగన్ ఖైదీలను మంచులో నడిపించి పడమటికి తోలారు. అలసిపోయి, జబ్బుపడి దారిలో పడిపోయినవారున్నారు. స్ప్రెంబర్గ్ నుంచి పశువుల రైలుపెట్టెల్లో ఎక్కించి పంపినవారిలో అనేకులు బవేరియాలోని మోస్‌బర్గ్ శిబిరానికి చేరారు. ఏప్రిల్ 29న అమెరికన్ ట్యాంకులు గేటు దగ్గరికి వచ్చేదాకా వేలాదిమంది ఆ కిక్కిరిసిన శిబిరంలోనే ఉన్నారు.